వ్యర్థ ధూమానికి విలువ కట్టిన ఆల్ఫ్రెడ్ బ్యూకీ

ఐ.పోలవరం మండలంలోని ఎదుర్లంక వద్ద గౌతమిపై వారధి లేని రోజులలో జనులు పంటులెక్కి యానాం చేరేవారు. నేడు కొబ్బరికాయల లారీలు బాలయోగి వారధి మీదుగా సాగిపోతున్నవి. బరువుతో లారీ ఎత్తు ఎక్కేవేళ ఇంజను ఘోష మాటున సన్నని ఈలవంటి ధ్వని ఒకటి వినవస్తుంది. ఆ ధ్వని టర్బోచార్జరుది. ఆ చిన్న యంత్రం వెనుక ఒక ఇంజనీరు ఇరవై సంవత్సరాల ఓర్పు దాగియున్నది.

ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1879 జూలై 11వ తేదీన స్విట్జర్లండులోని వింటర్‌తూర్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి సుప్రసిద్ధమైన సుల్జర్ యంత్రశాలలో ఉన్నతోద్యోగి. ఆ విధంగా చిన్ననాటినుండి యంత్రాల చప్పుడు బ్యూకీకి పరిచితమైనది. జ్యూరిచ్ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో చదివి, 1903లో పట్టభద్రుడై, బెల్జియం, ఇంగ్లండు దేశాలలో కొంతకాలం ఉద్యోగం చేసినాడు.

ఆ కాలపు ఇంజన్లను పరిశీలించిన కొలదీ ఒక విషయం ఆయనను బాధించసాగింది. మండించిన చమురు ఇచ్చే వేడిమిలో రమారమి మూడవ వంతు మాత్రమే పనికి వినియోగమవుతున్నది. మిగిలినదానిలో పెద్ద భాగం పొగగొట్టం వెంట గాలిలో కలిసిపోతున్నది. మరొక చిక్కు కూడా కలదు. ఇంజను శక్తికి హద్దు పెట్టేది చమురు కాదు, గాలి. గాలి చాలనప్పుడు ఎంత చమురు పోసినా నల్లని పొగయే ఫలం. వృథాగా పోయే పొగచేత ఒక చక్రాన్ని త్రిప్పించి, ఆ చక్రం చేత గాలిని ఒత్తి ఇంజనుకు అందిస్తే రెండు చిక్కులూ ఒక్కమారే తీరునని ఆయన ఊహించినాడు. 1905 నవంబరు 16న ఆ ఊహకు జర్మనీలో పేటెంటు కోరినాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరు.

ఊహ సులభం, ఆచరణ దుర్ఘటం. తొలి రూపకల్పనలో గాలిని ఒత్తే యంత్రం, ఇంజను, పొగచక్రం మూడూ ఒకే ఇరుసున బిగింపబడినవి. ఇంజను తీరు వేరు, మహావేగంతో తిరుగవలసిన చక్రం తీరు వేరు. సుల్జర్ సంస్థలో చేరిన పిమ్మట 1911లో ప్రయోగాలు ప్రారంభించి, 1915లో ఒక నమూనాను సిద్ధం చేసినాడు గాని, అది నమ్మకంగా పనిచేయలేదు. ఇంతలో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ 1918లో పదునాలుగు వేల అడుగుల ఎత్తున్న పైక్స్ శిఖరం మీద విమానపు ఇంజనుకు ఇటువంటి యంత్రాన్నే అమర్చి, పలుచని గాలిలో క్షీణించిన శక్తిని తిరిగి రప్పించినాడు.

బ్యూకీ మాత్రం నిరాశపడక తన ఊహనే సంస్కరించుకొన్నాడు. ఒక సిలిండరు విడిచిన పొగ మరొక సిలిండరు శ్వాసకు అడ్డుపడరాదని గ్రహించి, పొగగొట్టాలను వర్గాలుగా విభజించినాడు. గాలి లోనికి వచ్చే ద్వారాన్నీ, పొగ వెలికి పోయే ద్వారాన్నీ కొద్దిసేపు ఒక్కమారే తెరచి ఉంచి, మిగిలిన పొగను కొత్తగాలి ఊడ్చివేసేటట్లు చేసినాడు. ఈ పద్ధతికి 1925లో పేటెంటు లభించింది. ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాన్‌సిగ్ అనే రెండు జర్మన్ ఓడలలో దీనిని అమర్చగా, 1,750 అశ్వశక్తి గల ఇంజను 2,500 అశ్వశక్తి ఇచ్చింది. నూటికి నలభై మించిన లాభం!

అయితే ఏ ఇంజనుకు ఎంత చక్రం తగును? ఈ విద్యలోని కీలకమంతా ఇక్కడనే ఉన్నది. కాలువ తూమును ఇరుకు చేస్తే స్వల్పమైన నీరు కూడా వడిగా దూకుతుంది. కాని వరద వచ్చిననాడు ఆ తూమే అడ్డుకట్ట అవుతుంది. చిన్న టర్బో అటువంటిది. నెమ్మది వేగంలోనే చురుకుగా తిరిగి గాలినిస్తుంది. ఇంజను వడి పెరిగినప్పుడు పొగకు దారి చాలక ఎదురు ఒత్తిడి కలుగుతుంది. గాలి మితిమీరి వేడెక్కి పలుచనై, సామర్థ్యం తగ్గుతుంది. పెద్ద టర్బో పూర్తి వేగంలో సమృద్ధిగా గాలినిస్తుంది గాని, బరువైన చక్రం మేలుకొనడానికి వ్యవధి పడుతుంది. మరీ పెద్దదైతే, అల్పమైన ప్రవాహాన్ని నిలుపలేక గాలి వెనుకకు ఎగదన్నుతుంది.

ఓడ దినమంతా ఒకే వడిన పోతుంది గనుక దానికి కొలత కుదర్చడం తేలిక. ఆగుతూ, సాగుతూ, ఎత్తులెక్కే లారీకి అది కష్టం. బ్యూకీ పద్ధతి తొలుత ఓడలలో స్థిరపడి, 1938 నాటికి స్విట్జర్లండులోని సౌరర్ లారీలకు చేరడానికి ఇది ఒక కారణం. అనంతర కాలంలో అధికమైన పొగను ప్రక్కకు మళ్లించే కవాటాలు, సందులను కుదించి విప్పే రెక్కలు, ఒకదాని వెంట ఒకటిగా చిన్న పెద్ద టర్బోలు వచ్చి ఈ వైరుధ్యాన్ని కొంత శమింపజేసినవి.

1959 అక్టోబరు 27న బ్యూకీ తన జన్మస్థలమైన వింటర్‌తూర్‌లోనే కన్నుమూసినాడు. యౌవనంలో తోచిన ఊహ నడివయస్సులో ఫలించింది. దాని విస్తృతిలో అధికభాగం ఆయన కన్నులు చూడలేదు. ఏ లారీ యజమానికీ ఆయన పేరు తెలియకపోవచ్చును. అయినను గౌతమి వారధిపై బరువునెత్తుకొని సాగే ప్రతి బండి ఆయన శ్రమకు కొంత ఋణపడియున్నది.