ఆంబ్రాజ్ పారే

రణరంగంలో గాయపడిన సైనికుని ప్రాణం రక్తధారతో పాటే జారిపోతుంది. ఆ ధారను అరికట్టే విధానాన్ని ఆచరించి, తోటివారికి బోధించిన మహనీయుడు ఆంబ్రాజ్ పారే.

పారే 1510 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలోని లావాల్ పట్టణ సమీపంలో జన్మించాడు. ఆనాటి వైద్యపండితులు లాటిన్ గ్రంథాలు చదివేవారే గాని కత్తి పట్టేవారు కారు. శస్త్రచికిత్స చాలావరకు క్షురక వృత్తివారి పనిగా ఉండేది. పారే ఆ వృత్తిలోనే ప్రవేశించాడు. పారిస్‌లోని ఓతెల్ ద్యూ ఆసుపత్రిలో రోగుల చెంత ఉండి విద్య నేర్చుకొన్నాడు. పిమ్మట సైన్యంతో యుద్ధాలకు వెళ్లాడు.

తుపాకి గాయాలు విషపూరితాలని నమ్మి, వాటిలో మరిగే నూనె పోయడం అప్పటి ఆచారం. 1536-37లలో ఇటలీ దండయాత్రలో నూనె నిండుకొంది. పారే గత్యంతరం లేక గుడ్డు పచ్చసొన, గులాబీ తైలం, టర్పెంటైన్ కలిపి లేపనం పూశాడు. వారికి ప్రాణహాని కలుగుతుందేమోనన్న భయంతో ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూడగా లేపనం పూసినవారు హాయిగా ఉన్నారు. నూనె పోసినవారు జ్వరంతో, వాపుతో బాధపడుతున్నారు. ఆనాటి నుండి ఆయన గ్రంథాల కంటె అనుభవాన్నే ప్రమాణంగా గ్రహించాడు.

అవయవాన్ని తొలగించిన తరువాత రక్తం ఆపడానికి ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవారు. ఆ బాధ దుర్భరం. పైగా కాలిన పొర రాలగానే రక్తం మళ్లీ ఉబికేది. 1552లో దాంవిల్లే ముట్టడిలో పారే ఒక క్షతగాత్రుని కాలు తొలగించి, రక్తనాళాలను దారంతో ముడివేశాడు. ఇనుము కాల్చే అవసరమే కలుగలేదు.

నాళాన్ని ముడివేయడం ప్రాచీనులకు తెలిసినదే. గాలెన్ వంటి పూర్వులకు పారే ఆ గౌరవం దక్కనిచ్చాడు. అవయవ ఖండనలో దానిని ప్రయోగించి, 1564లో తన గ్రంథంలో వివరించడం ఆయన ఘనత. కోయవలసిన చోటికి పైభాగాన గట్టిగా కట్టు కట్టాలి, నాళపు కొనను పట్టకారుతో పట్టి వెలికి లాగాలి, దారంతో ముడివేయాలి. లాటిన్ రాని శస్త్రవైద్యులకు సైతం అందేటట్లు ఆయన దీనిని మాతృభాషలో రచించాడు.

పారిస్ వైద్యవిద్యాపీఠానికి చెందిన గూర్మెలెన్ 1580లో ఈ పద్ధతిని ఖండించాడు. నలుగురు రాజులకు శస్త్రవైద్యుడైన పారే, సుమారు డెబ్బై అయిదేళ్ల వయసులో, 1585లో తన అనుభవాలనే సాక్ష్యంగా చూపి బదులిచ్చాడు. 1590 డిసెంబరు 20న పారిస్‌లో మరణించాడు.

ఆయన పద్ధతి వెంటనే వ్యాపించలేదు. అనేక నాళాలను ముడివేసేంత వరకు రక్తాన్ని నిలిపి ఉంచడం కష్టమయ్యేది. 1718లో ఝాఁ లూయీ పెతీ మరతో బిగించే పట్టీని రూపొందించిన పిదప ఆ కష్టం తగ్గింది. నాళాన్ని పట్టి ముడివేయడం నేటికీ శస్త్రవైద్య విద్యార్థులు తొలుత నేర్చే పాఠాలలో ఒకటి. తాను నేర్చినదానిని పదిమందికి నేర్పినప్పుడే విద్య ప్రాణదాత అవుతుందని పారే జీవితం చాటుతున్నది.