పడమటి దేశాలకు అంకెలు నేర్పిన ఖ్వారిజ్మీ

మేము పాఠాలు చెప్పే గదిలో ఒక పాత గోడ గడియారం ఉంది. దాని మీద 1, 2, 3 అనే అంకెలు ఉండవు. వాటి చోట రోమన్ అక్షరాలు ఉంటాయి. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారంలోనే ఆ గడియారం గురించి అడుగుతారు. ఆ నిలువు గీతలు, ఏటవాలు గీతలు చూసి ఇదేం లెక్క అని ఆశ్చర్యపోతారు. మేము వారికి వాటిని చదవడం, రాయడం నేర్పుతాము. ఆ పాఠం ముగిశాక ఒక మహనీయుని జీవితం కూడా చెబుతాము. ఒకనాడు యూరప్ ఖండంలో చాలా భాగం ఈ అక్షరాలతోనే లెక్కలు రాసుకునేది. ఈనాడు అవి గడియారాలకు, పుస్తకాల ముందు పేజీలకు, తరగతి గదుల బోర్డులకు పరిమితమయ్యాయి. ఈ మార్పులో ఆ మహనీయుని పాత్ర చాలా పెద్దది. ఆయన పేరు అబూ అబ్దుల్లా ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఏడు అక్షరాల లెక్క

ముందుగా ఆ పాత పద్ధతి ఏమిటో చూద్దాము. అది తెలియనిదే ఖ్వారిజ్మీ చేసిన మేలు విలువ తెలియదు.

రోమన్ లెక్కకు ఏడు అక్షరాలే ఆధారం. ఐ అంటే 1, వి అంటే 5, ఎక్స్ అంటే 10, ఎల్ అంటే 50, సి అంటే 100, డి అంటే 500, ఎం అంటే 1000. పెద్ద అక్షరానికి కుడివైపున చిన్న అక్షరం వస్తే కూడాలి, ఎడమవైపున వస్తే తీసివేయాలి. కాబట్టి వి-ఐ అంటే 6, ఐ-వి అంటే 4. ఒకే అక్షరాన్ని వరుసగా మూడుసార్లకు మించి రాయరాదు. వి, ఎల్, డి అక్షరాలను రెండోసారి రాయనే రాయరాదు. చాలా గడియారాల మీద 4 చోట నాలుగు నిలువు గీతలు కనిపిస్తాయి. అది గడియారాలు చేసేవారి పాత ఆచారం.

పిల్లలు ఎక్కువగా పొరపాటు పడేది తీసివేత దగ్గరే. 49 రాయమంటే 50కి ముందు ఒకటి పెట్టి ఐ-ఎల్ అని రాస్తారు. అది సరికాదు. ఐ అక్షరం వి, ఎక్స్ ల ముందు మాత్రమే నిలుస్తుంది. ఎక్స్ అక్షరం ఎల్, సి ల ముందు, సి అక్షరం డి, ఎం ల ముందు నిలుస్తాయి. అందువల్ల 49ని 40గా, 9గా విడదీసి ఎక్స్-ఎల్-ఐ-ఎక్స్ అని రాయాలి. ఎంత పెద్ద సంఖ్యనైనా ఇలాగే వేలు, వందలు, పదులు, ఒకట్లుగా విడదీసుకోవాలి. 1994లో వెయ్యికి ఎం, 900కి సి-ఎం, 90కి ఎక్స్-సి, 4కు ఐ-వి. అన్నీ వరుసగా పెడితే ఎం-సి-ఎం-ఎక్స్-సి-ఐ-వి అవుతుంది.

అక్షరాలను అంకెలుగా వాడటం మన ఇళ్లకు కొత్త విషయమేమీ కాదు. మన పెళ్లి పత్రికల మీద, దుకాణాల గోడల మీద కనిపించే 786 ఇటువంటి లెక్కలోనే పుట్టింది. అరబ్బీలో అలిఫ్‌కు 1, బేకు 2, జీమ్‌కు 3 చొప్పున విలువలు కట్టే పద్ధతి ఉంది. దానిని అబ్జద్ అంటారు. బిస్మిల్లా వాక్యంలోని అక్షరాల విలువలన్నీ ఆ పద్ధతిలో కూడితే 786 వస్తుంది. ఇదే సంఖ్యను రోమన్ అక్షరాలలో రాయాలంటే డి-సి-సి-ఎల్-ఎక్స్-ఎక్స్-ఎక్స్-వి-ఐ అని తొమ్మిది అక్షరాలు కావాలి. మనకు మూడు అంకెలు చాలు.

రాయడం వరకు అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. అసలు కష్టం లెక్క చేయడంలో ఉంది. 23ను 14తో గుణించమంటే మన నాలుగో తరగతి పిల్లవాడు పలక మీద చేసి 322 అని చెబుతాడు. రోమన్ అక్షరాలలో ఆ గుణకారం రాసి చూడండి, ఎక్కడ మొదలు పెట్టాలో తోచదు. రోమన్లు కూడా అక్షరాలతో గుణించలేదు. గీతలు గీసిన పలక మీద గులకరాళ్లు జరుపుతూ లెక్క చేసి, వచ్చిన జవాబును మాత్రం అక్షరాలలో రాసుకునేవారు. కాబట్టి లెక్క ఆ పలకను వాడటం తెలిసిన కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. మధ్యలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి రాత ఏదీ మిగిలేది కాదు.

బాగ్దాద్‌లో విద్యాసేవ

ఖ్వారిజ్మీ సుమారు క్రీ.శ. 780లో జన్మించారు. అముదర్యా నది ఒకప్పుడు ఆరల్ సముద్రంలో కలిసినచోట ఉన్న ఖ్వారిజ్మ్ ప్రాంతం వారి వంశస్థానం. ఆ పేరే ఆయన పేరులో చేరింది. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాలలో ఉంది. ఆయన జీవితంలో ముఖ్య భాగం గడిచింది మాత్రం బాగ్దాద్ నగరంలోనే.

అబ్బాసీ ఖలీఫా మన్సూర్ 762లో నిర్మాణం ప్రారంభించిన ఆ నగరం కొద్దికాలంలోనే విద్యాకేంద్రంగా వెలిగింది. ఖలీఫా మామూన్ 813 నుండి 833 వరకు పరిపాలించారు. ఆయన ఆదరణలో బైతుల్ హిక్మా అనే విజ్ఞాన నిలయం గొప్ప పేరు పొందింది. గ్రీకు, పహ్లవీ, సంస్కృత, సురియానీ భాషల విజ్ఞానాన్ని అరబ్బీలోకి తెచ్చే పని ఆ రోజుల్లో ముమ్మరంగా సాగింది. ఖ్వారిజ్మీ ఆ విద్వాంసుల మధ్య పనిచేశారు.

మన దేశపు గణితం అప్పటికే బాగ్దాద్ చేరింది. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన గ్రంథంలో సున్నాతో లెక్కలు చేసే నియమాలు ఉన్నాయి. మన్సూర్ కాలంలో హిందూస్తాన్ నుండి వచ్చిన ఒక పండితుడు సంస్కృత ఖగోళ గ్రంథాన్ని వెంట తెచ్చారు. అది సింద్‌హింద్ అనే పేరుతో అరబ్బీలోకి వచ్చింది. ఖ్వారిజ్మీ దాని ఆధారంగా గ్రహగతుల పట్టికలు తయారు చేశారు. అంతటితో ఆగక, హిందూస్తాన్ వారి అంకెలతో లెక్కలు చేసే విధానం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు.

తొమ్మిది గుర్తులు, ఒక చిన్న వలయం

ఆ పుస్తకంలోని విషయం ఈనాడు మనకు చాలా సామాన్యంగా కనిపిస్తుంది. మొత్తం తొమ్మిది గుర్తులు. ఒకే గుర్తు మొదటి స్థానంలో ఉంటే ఒకట్లు, రెండో స్థానంలో ఉంటే పదులు, మూడో స్థానంలో ఉంటే వందలు. ఒక స్థానంలో ఏమీ లేకపోతే అక్కడ చిన్న వలయం పెట్టాలి. లేకుంటే 205 కాస్తా 25 అయిపోతుంది. కూడిక, తీసివేత, రెట్టింపు, సగం చేయడం, గుణకారం, భాగహారం, భిన్నాలు, వర్గమూలం - అన్నీ ఈ గుర్తులతోనే ఎలా చేయాలో ఆయన మెట్టు మెట్టుగా వివరించారు. ఎవరైనా ఆ మెట్లు వరుసగా ఎక్కితే చాలు, జవాబు దానంతట అదే వస్తుంది.

ఆ వలయాన్ని సంస్కృతంలో శూన్యం అన్నారు. అదే తెలుగులో సున్న అయింది. అరబ్బులు అదే అర్థం వచ్చేలా సిఫర్ అన్నారు. సిఫర్ నుండే యూరప్ వారి జీరో పుట్టింది. మన పిల్లలు బడిలో సున్న అని, ఇంట్లో ఉర్దూలో సిఫర్ అని పలుకుతున్నప్పుడు ఆ ప్రయాణమంతా వారి నాలుక మీదనే ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉంది. ఖ్వారిజ్మీ ఈ విద్యను తన సొంతమని చెప్పుకోలేదు. హిందూస్తాన్ వారి లెక్క అనే పేరుతోనే దానిని లోకానికి అందించారు. అరబ్బులు నేటికీ ١, ٢, ٣ వంటి అంకెలను హిందీ అంకెలు అనే పిలుస్తారు. విద్య కూడా ఒక అమానతే. ఎవరి దగ్గర నేర్చుకున్నామో వారి పేరు చెప్పడం ఆ అమానతును నిలబెట్టుకోవడమే.

ఇంటి ఆస్తిలోకి వచ్చిన గణితం

ఖ్వారిజ్మీకి శాశ్వత కీర్తి తెచ్చిన మరో గ్రంథం జబ్ర్, ముఖాబలా లెక్కల గురించినది. మామూన్ కాలంలో వెలువడిన ఆ పుస్తకం పేరు నుండే ఆల్జీబ్రా అనే మాట పుట్టింది. తెలుగులో దానిని బీజగణితం అంటున్నాము. విశేషమేమిటంటే ఆ గ్రంథంలో నేటి గుర్తులు ఏవీ లేవు, సంఖ్యలను కూడా ఆయన మాటల్లోనే రాశారు. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్య పది రెట్లు కలిపితే 39 అయింది, ఆ సంఖ్య ఏది అన్నది అందులో ప్రసిద్ధమైన లెక్క. పదిలో సగం 5, దాని వర్గం 25, దానికి 39 కలిపితే 64, దాని మూలం 8, అందులో 5 తీసివేస్తే 3. అదే జవాబు.

ఆ గ్రంథంలో దాదాపు సగం భాగం వీలునామాలకు, వారసత్వపు వాటాలకు సంబంధించిన లెక్కలే. వ్యాపారం, పొలాల కొలత, కాలువల తవ్వకం వంటి నిత్యావసరాలకు పనికివచ్చేలా దానిని రాశారు. ఆ విద్య జనం ఇళ్లలోకి రావాలన్నది ఆయన ఉద్దేశం.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాము. ఒక వ్యక్తి మరణించాడు. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు. తల్లిదండ్రులు లేరు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ పోను మిగిలిన ఆస్తి పంచాలి. భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదానిలో కుమారునికి రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు. మొత్తం ఆస్తిని 40 వాటాలు చేస్తే భార్యకు 5, ఒక్కో కుమారునికి 14, కుమార్తెకు 7 వస్తాయి. ఆస్తి 4,00,000 రూపాయలైతే తల్లికి 50,000, కుమారులకు తలా 1,40,000, ఆడపిల్లకు 70,000. అయిదు నిమిషాల పని.

మమ్మల్ని పంపకాలకు పిలిచిన ఇళ్లలో ఈ అయిదు నిమిషాల పని చేయడానికి ఎందుకు అంత సంకోచిస్తారో చూశాము. ఒక ఇంట్లో లెక్క చాలా చిక్కుగా ఉందని, తరువాత చూద్దామని అన్నదమ్ములు దాటవేశారు. మేము కాగితం మీద వాటాలు వేసి చూపించాము. తలుపు వెనుక నిలబడిన చెల్లెలు తన వాటా ఎంతో అప్పుడే మొదటిసారి విన్నది. ఆ రోజు దాకా తాను హక్కు వదులుకున్నానని చెబుతూ వచ్చిన ఆ బిడ్డకు తాను వదులుకుంటున్నది ఎంతో కూడా తెలియదు. లెక్క తెలియకపోవడం వల్ల జరిగే నష్టం ఇటువంటిది.

పడమటికి ప్రయాణం

ఖ్వారిజ్మీ సుమారు 850లో కన్నుమూశారు. భూగోళం మీద రాసిన గ్రంథంలో ఆయన 2402 స్థలాల రేఖాంశ, అక్షాంశాలు ఇచ్చారు. ఆయన రచనలు అండలూసియా మీదుగా యూరప్ చేరాయి. 1126లో బాత్ నగరానికి చెందిన అడెలార్డ్ ఆయన ఖగోళ పట్టికలను లాటిన్‌లోకి తెచ్చాడు. 1145లో చెస్టర్‌కు చెందిన రాబర్ట్ స్పెయిన్‌లోని సెగోవియాలో జబ్ర్ గ్రంథాన్ని అనువదించాడు.

అంకెల పుస్తకం అరబ్బీ మూలం నేడు లభ్యం కావడం లేదు. 12వ శతాబ్దపు లాటిన్ రూపమే మిగిలింది. కేంబ్రిడ్జిలో ఉన్న దాని ప్రతి ఒకటి చూస్తే నవ్వూ వస్తుంది, ఆలోచనా కలుగుతుంది. కొత్త అంకెలు నేర్పే ఆ పుస్తకంలో లేఖకుడు చాలాచోట్ల రోమన్ అక్షరాలతోనే సంఖ్యలు రాశాడు. కొత్త అంకెలు రావలసిన అనేక చోట్ల ఖాళీ వదిలేశాడు. అలవాటు ఎంత బలమైనదో దీనివల్ల తెలుస్తుంది.

ఇటలీ వర్తకుని కుమారుడు ఫిబొనాచీ నేటి అల్జీరియాలోని బిజాయా రేవులో ఈ లెక్క నేర్చుకుని 1202లో పెద్ద గ్రంథం రాశాడు. అయినా వ్యతిరేకత తగ్గలేదు. 1299లో ఫ్లోరెన్స్ నగరంలోని డబ్బు మార్పిడి వర్తకుల సంఘం ఖాతా పుస్తకాల్లో ఈ అంకెలు వాడరాదని నిషేధించింది. సున్నాకు తోక తగిలిస్తే 6 గానో 9 గానో మారిపోతుందన్న భయం ఆ కాలంలో ఉండేది. మనం నేటికీ బ్యాంకు చెక్కు మీద మొత్తాన్ని అక్షరాలలో కూడా రాస్తున్నాము కదా! కానీ సౌకర్యం ముందు నిషేధం నిలవలేదు. 16వ శతాబ్దం నాటికి యూరప్ లెక్కలు ఎక్కువగా కొత్త అంకెలలోకి మారిపోయాయి.

లాటిన్ అనువాదాలలో అల్ ఖ్వారిజ్మీ అనే పేరు అల్గొరిజ్మీ అయింది. లెక్కను మెట్టు మెట్టుగా చేసే విధానానికే ఆ పేరు స్థిరపడి అల్గారిథం అయింది. ఈనాడు కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు నడిచేది అల్గారిథంల మీదనే. 1983లో సోవియట్ యూనియన్ ఆయన 1200వ జయంతి సందర్భంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

పాఠకులకు మా మనవి ఒకటి ఉంది. ఈ శుక్రవారం నమాజు తరువాత పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. వారు పుట్టిన సంవత్సరాన్ని రోమన్ అక్షరాలలో రాయించండి. వేలు, వందలు, పదులు, ఒకట్లుగా విడదీయడం చూపించండి. తరువాత పైన చెప్పిన 40 వాటాల లెక్క మామూలు అంకెలలో చేయించండి. అబ్బాయిలతో పాటు అమ్మాయిలతోనూ చేయించండి. రేపు తన వాటా ఎంతో ఆ బిడ్డ ఎవరినీ అడగవలసిన పని లేకుండా స్వయంగా లెక్క కట్టుకోగలగాలి. ఖ్వారిజ్మీ పుస్తకంలో దాదాపు సగం ఆ పని కోసమే రాసి ఉంది.