పుట్టుకలో దక్కని తండ్రి పేరు.. వీలునామాలో నిలిచింది

స్కాట్లాండులో బీరు వ్యాపారంతో కోట్లకు పడగలెత్తిన తండ్రికి ఆమె ఒక్కగానొక్క కుమార్తె. అయినా బాల్యంలో ఆయన ఇంటిపేరు చెప్పుకొనే భాగ్యం ఆమెకు లేకపోయింది. రాజులకు, రాణులకు ఆతిథ్యమిచ్చి బ్రిటన్ సంపన్న సమాజంలో వెలుగొందిన మార్గరెట్ గ్రెవిల్ జీవితగాథ ఇది.

సవతి తండ్రిగా కన్నతండ్రి: విలియం మెక్‌యూవన్ 1856లో ఎడిన్‌బరో నగరంలో ఫౌంటెన్ బ్రూవరీ పేరిట బీరు కర్మాగారాన్ని స్థాపించారు. అక్కడి సరకు ఓడలెక్కి వలస రాజ్యాలకు సైతం చేరేది. హెలెన్ ఆండర్సన్‌తో ఆయనకు వివాహం కాకమునుపే 1863 డిసెంబరు 20న మార్గరెట్ జన్మించారు. విక్టోరియా రాణి కాలపు సమాజంలో ఇటువంటి పుట్టుక బయటపడితే తలెత్తుకు తిరగడం కష్టం. అందువల్ల బాలిక ఆండర్సన్ ఇంటిపేరుతోనే పెరిగింది. 1885లో మెక్‌యూవన్, హెలెన్ వివాహం చేసుకున్నారు. అప్పటికి మార్గరెట్ వయసు 21 ఏళ్లు. లోకం దృష్టిలో ఆయన ఆమెకు సవతి తండ్రి మాత్రమే. ఆ మరుసటి ఏడాది పార్లమెంటుకు ఎన్నికైన మెక్‌యూవన్ 1900 వరకు సభ్యునిగా కొనసాగారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి ఆయన కట్టించి ఇచ్చిన మెక్‌యూవన్ హాలు 1897లో ప్రారంభమైంది.

రాజుల విడిది: 1891లో ప్రభు వంశీయుడైన రోనాల్డ్ గ్రెవిల్‌ను మార్గరెట్ వివాహమాడారు. వారికి సంతానం కలుగలేదు. 1906లో తండ్రి సొమ్ముతో సర్రే ప్రాంతంలోని పోల్స్‌డెన్ లేసీ భవనం వారి సొంతమైంది. రెండేళ్లకే, 1908లో, భర్త కన్నుమూశారు. అయినా ఆమె కుంగిపోలేదు. 1909లో ఏడో ఎడ్వర్డ్ రాజు ఆ భవనంలో అతిథిగా బస చేశారు. 1913లో తండ్రి మరణించడంతో ఆయన సంపదకు వారసురాలయ్యారు. ఆ సంపద బీరు వల్ల వచ్చిందని చెప్పుకొనేందుకు ఆమె ఏనాడూ సంకోచించలేదు. 1922లో డేమ్ బిరుదు వరించింది. మరుసటి ఏడాది, తరువాతి కాలంలో ఆరో జార్జి రాజైన ఆల్బర్ట్, ఆయన భార్య ఎలిజబెత్ వివాహానంతరం ఆ ఇంటనే విడిది చేశారు.

మచ్చ లేకపోలేదు: ఎదుటివారిని మాటలతో నొప్పించడంలో ఆమె పేరుమోశారు. అంతకు మించి 1930లలో హిట్లర్‌ను అభిమానించి, న్యూరెంబర్గ్ నాజీ సభకు సైతం హాజరవడం ఆమె కీర్తికి చెరగని మచ్చగా మిగిలింది. యుద్ధం మొదలయ్యాక మాత్రం బాంబులు కురుస్తున్నా లండన్ విడువలేదు. డార్చెస్టర్ హోటల్‌లో నివసిస్తూ 1942 సెప్టెంబరు 15న అక్కడే కన్నుమూశారు.

వీలునామాలో తండ్రి: పోల్స్‌డెన్ లేసీని తొలుత ఆల్బర్ట్‌కు ఇవ్వాలని ఆమె తలచారు. 1936లో ఆయన రాజయ్యాక ఆ అవసరం లేకపోయింది. దాంతో ఆ భవనాన్ని, అందలి చిత్రాలను, చుట్టూ ఉన్న విశాలమైన భూమిని తండ్రి స్మారకంగా నేషనల్ ట్రస్టుకు రాసిచ్చారు. జనం వచ్చి తిలకించాలన్నదే ఆమె కోరిక. నగలను ఎలిజబెత్ రాణికి ఇచ్చారు. వాటిలోని పచ్చల కిరీటాన్ని 2018లో యూజెనీ రాకుమారి తన వివాహ సమయంలో ధరించడంతో మార్గరెట్ పేరు మళ్లీ ప్రపంచానికి వినిపించింది.

నగలు రాజకుటుంబానికి చేరినా ఇల్లు మాత్రం ప్రజలదైంది. బతికి ఉండగా సమాజం కోసం సవతి తండ్రి అని పిలవాల్సి వచ్చిన మనిషిని, తన చివరి మాటగా మిగిలిన వీలునామాలో ఆమె సగర్వంగా తండ్రిగా నిలుపుకొన్నారు. ఆ భవనపు తోటలోనే ఆమె సమాధి ఉంది.