మతం రుద్దని మహారాజు - అశోకుడు



మొన్న మా వాడలో ధమ్మ తరగతి జరుగుతుంటే డిగ్రీ చదివే తమ్ముడొకడు లేచి ఒక ప్రశ్న అడిగాడు. రేపు మనవాళ్లే గద్దెనెక్కితే బౌద్ధాన్ని రాజ్యమతం చేసెయ్యొచ్చు కదన్నా అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే జవాబు జేబులోనే ఉందనిపించింది. మీరూ ఒక రూపాయి నాణెం తీసి చూడండి. దానిమీద సింహాల గుర్తు ఉంది కదా, అది అశోకుడు సారనాథ్‌లో నిలిపిన స్తంభం పైభాగం. ఆ ప్రశ్న మనకంటే ముందు ఆయనకు ఎదురైంది. ఆయన ఏం చేశాడో చూద్దాం.

అశోకుడు చంద్రగుప్త మౌర్యుని మనవడు, బిందుసారుని కొడుకు. క్రీస్తుపూర్వం 268 ప్రాంతంలో పాటలీపుత్రంలో, అంటే ఇప్పటి పాట్నాలో, పట్టాభిషేకం చేసుకున్నాడు. అన్నదమ్ముల్ని చంపి రాజయ్యాడని సింహళ గ్రంథాలు చెబుతాయి. అవి ఆయన పోయిన కొన్ని వందల ఏళ్లకు రాసినవి. ఆయన్ని దగ్గరగా తెలుసుకోవాలంటే రాళ్లమీద ఆయన చెక్కించిన మాటలనే చూడాలి. అవి పండితుల సంస్కృతంలో లేవు, జనం మాట్లాడే ప్రాకృతంలో ఉన్నాయి.

పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగ మీద యుద్ధం చేశాడు, గెలిచాడు. లక్షన్నర మందిని చెరపట్టి తరలించారు. లక్షమంది యుద్ధంలో చచ్చారు. అంతకు ఎన్నో రెట్ల మంది ఆ తరవాత చచ్చారు. ఈ లెక్కలు ఓడినవాళ్లు రాసినవి కావు, గెలిచిన రాజు తానే చెక్కించినవి. చేసింది తలచుకుని బాధపడుతున్నానని కూడా చెక్కించాడు.

అయితే మార్పు ఒక్క రాత్రిలో రాలేదు. మన కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండలమీద ఆయన శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. ఉపాసకుడినైన మొదట్లో ఏడాదిపాటు తాను పెద్దగా ప్రయత్నం చేయలేదని, సంఘానికి దగ్గరయ్యాకే గట్టిగా పూనుకున్నానని అందులో ఒప్పుకున్నాడు. దీక్ష తీసుకున్న కొత్తలో మన సంగతి గుర్తు చేసుకోండి. గోడమీద పటం మారింది, మనం మారడానికి టైం పట్టింది. అంత పెద్ద రాజుకీ అలాగే పట్టింది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. బౌద్ధుడైన రాజు రాజ్యాన్ని ఏం చేశాడు?

మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాడు. దారుల వెంట చెట్లు నాటించి బావులు తవ్వించాడు. తాను తింటున్నా, అంతఃపురంలో ఉన్నా ప్రజల పని మీద ఎవరొచ్చినా తనకు చెప్పాలని ఆజ్ఞ వేశాడు. విచారణలో, శిక్షలో అందరికీ ఒకే తీరు ఉండాలన్నాడు. మరణశిక్ష పడినవాళ్లకు మూడు రోజుల గడువిచ్చాడు. కళింగలో అయితే ఎవరినీ అన్యాయంగా ఖైదు చేయొద్దు, హింసించొద్దు అని అధికారులకే హెచ్చరిక చెక్కించి పెట్టాడు. ఆయన ధమ్మం ముందుగా కచేరీల్లోకి, చెరసాలల్లోకి వెళ్లిందన్నమాట.

మరి మతం సంగతి? తన మతాన్ని ఆయన దాచుకోలేదు. బుద్ధుడు పుట్టిన లుంబినికి స్వయంగా వెళ్లి మొక్కాడు, ఆ ఊరి పన్ను తగ్గించాడు. కానీ గయ దగ్గరి బరాబర్ కొండల్లో గుహలు తొలిపించి ఎవరికిచ్చాడో తెలుసా? ఆజీవకులకు. వాళ్లు బౌద్ధులు కారు, బుద్ధుని మాటను కాదన్నవాళ్లు. ఆయన నియమించిన ధమ్మ మహామాత్రులు సంఘం బాగోగులతోపాటు బ్రాహ్మణుల, ఆజీవకుల, జైనుల బాగోగులు కూడా చూశారు. తన మతాన్ని పొగుడుకుంటూ ఎదుటివాడి మతాన్ని తిట్టేవాడు సొంత మతానికే చేటు చేస్తాడని ఆయన చెప్పాడు. ఎర్రగుడి బండమీద ఈ సంగతీ ఉంది.

తరవాతి కాలంలో తాను చేసిన పనినంతా లెక్క చూసుకున్నాడు. ఆ లెక్క ఇప్పుడు ఢిల్లీలో ఉన్న ఒక స్తంభంమీద కనిపిస్తుంది. ప్రజల్లో ధమ్మం పెరిగింది రెండు దారుల్లో అన్నాడు. ఒకటి నియమాలు పెట్టడం, రెండోది నచ్చజెప్పడం. ఫలానా జంతువుల్ని చంపకూడదని తానే నియమాలు పెట్టాడు. అయినా నియమాలతో జరిగింది తక్కువే, నచ్చజెప్పడంతోనే ఎక్కువ జరిగిందని ఒప్పుకున్నాడు. సైన్యం, ఖజానా, చెరసాల చేతిలో ఉన్న మనిషి ఈ మాట అనడం చిన్న విషయం కాదు.

ఆయన్ని దేవుణ్ణి చేయొద్దు. మరణశిక్ష తీసెయ్యలేదు. అడవి జాతులను మంచిమాటతో పాటు బెదిరింపుతోనూ అదుపులో పెట్టాడు. సంఘాన్ని చీల్చే భిక్షువులకు తెల్లబట్టలు కట్టి బయటకు పంపాలని రాజాజ్ఞ వేశాడు. రాజు చెయ్యి సంఘంలోపలిదాకా వచ్చిందన్నమాట. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది, ఆ గద్దె మీద మరొకడుంటే? రాజు మనసుమీద ఆధారపడిన న్యాయానికి ఆ రాజున్నంత కాలమే ఆయుష్షు. ఆయనపైన ఒక రాజ్యాంగం లేదు.

మనకుంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న రోజు అశోక విజయదశమి. ఆ మనిషే అంతకుముందు రాజ్యాంగం ముసాయిదా సంఘానికి అధ్యక్షులు. ఈ రెండు పనుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. అంటరానితనాన్ని నచ్చజెప్పడానికి వదిలెయ్యలేదు, 17వ అధికరణంతో రద్దయింది. ఎందుకంటే అది పక్కవాడి బతుకును తొక్కేది. మనసులోని నమ్మకాన్ని మాత్రం 25వ అధికరణం ఎవరికి వాళ్లకు వదిలింది. బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞలు ఏ చట్టంలోనూ లేవు. అవి అక్కడ నిలబడి మన పెద్దలు నోరారా పలికినవి. ఎవరి మెడమీదా కత్తి లేదు, అందుకే వాటికంత బలం.

హక్కు ఇవ్వడానికి ముందు రాజ్యం నీ మతమేదని అడిగితే ఎలా ఉంటుందో మనకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను చేర్చారు. బౌద్ధులను చేర్చింది 1990లో. బుద్ధుని దగ్గరకు వెళ్లినందుకు ఒక తరం పిల్లలు సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయారు. మన పక్క వీధి దళిత క్రైస్తవులు ఆ జాబితాకు ఇంకా బయటే ఉన్నారు. ఈ దెబ్బ తిన్నవాళ్లం, రేపు మన చేతికి అధికారమొస్తే అదే దెబ్బ ఇంకొకరిని కొడతామా?

ఆ తమ్ముడికి తరవాతి తరగతిలో ఇదే చెప్పాను. బౌద్ధుడు గద్దెనెక్కాలి, తప్పకుండా ఎక్కాలి. ఎక్కాక ఆఫీసులో బుద్ధుని పటం పెట్టడం కంటే ఆ ఆఫీసుకొచ్చే పేదవాడి అర్జీ లంచం లేకుండా కదిలేలా చూడాలి. వచ్చినవాడు ఏ గుడికి, ఏ చర్చికి, ఏ మసీదుకి పోతాడో అడక్కూడదు. మన ధమ్మం నచ్చితే అతనే విహారానికి వస్తాడు. మన నడత చూసి రావాలి.

మీకు వీలైతే ఒకసారి పిల్లల్ని తీసుకుని ఎర్రగుడి వెళ్లండి. అక్కడి శాసనంలో ధమ్మాన్ని ఊళ్లలో ఎలా చాటాలో కూడా ఉంది, జనాన్ని భేరి మోగించి పిలిచి చెప్పమన్నాడు. యుద్ధానికి మోగిన భేరి అలా మంచిమాటకు దండోరా అయింది. డప్పు మన చేతిలో ఎప్పటినుంచో ఉంది. దేనికోసం మోగించాలో ఆ రాళ్ల దగ్గర నిలబడి పిల్లలకు చెప్పండి.