పగిలిన గాజు చెప్పిన సంగతి

ఈసారి నేను టైకో బ్రాహి గురించి రాస్తున్నాను. చుక్కల్ని కొలిచినాయన అని మనకు తెలుసు. ఆయన ఇంటి కింద మందుల కొలుములు కూడా ఉండేవని చాలామందికి తెలీదు.

టైకో 1546 డిసెంబరు 14న డెన్మార్క్‌లో ఒక జమీందారీ ఇంట్లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు స్వీడన్‌లో ఉంది. 20 ఏళ్లప్పుడు కత్తి పోట్లాటలో ముక్కు తెగింది. చనిపోయేదాకా లోహపు ముక్కే పెట్టుకున్నాడు. అది వెండిదనుకునేవారు. 2010లో సమాధి తెరిచి ఎముకను పరీక్షిస్తే రాగి, జింకు దొరికాయి. అంటే ఇత్తడి ముక్కన్నమాట!

1572లో ఆకాశంలో ఒక కొత్త చుక్క మెరిసింది. అది చంద్రుడి కంటే ఎంతో దూరాన ఉందని ఆయన కొలిచి చూపాడు. 1576లో రాజుగారు వెన్ అనే దీవిని ఇస్తే అక్కడ యురానిబోర్గ్ భవనం కట్టించాడు. పైన చుక్కల్ని కొలిచే సాధనాలు, నేలమాళిగలో కొలుములు, గాజు బుడ్లు. బంగారం చేయాలన్న ఆశ కన్నా మందుల మీదే ఆయనకు ధ్యాస. ప్లేగుకు కూడా మందు చేశాడు. కానీ ఆ విద్యను అందరికీ చెప్పలేదు.

1597లో కొత్త రాజుతో పడక దీవి వదిలేశాడు. 1601లో ప్రేగ్‌లో చనిపోయాడు. తర్వాత భవనాన్ని కూల్చేశారు.

1988-90లో అక్కడ తవ్వితే పెంకులు దొరికాయి. వాటిలో నాలుగు గాజు ముక్కలు, ఒక కుండపెంకు తీసుకుని చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. పద్ధతి ఏమిటంటే, ముక్కను అడ్డంగా కోసి మధ్యభాగాన్నీ, పై పొరల్నీ పోల్చి చూడడం. మధ్యలో ఉన్నది గాజు సొంత సరుకు. పొరల మీద ఎక్కువగా ఉన్నది బయటినుంచి అంటినది. అలా బంగారం, పాదరసం, రాగి, సీసం, తగరం లాంటివి బయటపడ్డాయి. టంగ్‌స్టన్ కూడా దొరికింది! గుండు బల్బులో తీగ దానిదే. ఆ లోహాన్ని వేరుచేసింది 1783లో. ఏదో ఖనిజంతో కలిసి, టైకోకు తెలియకుండానే వచ్చి ఉండొచ్చు.

నాకు ఒకటి అనిపించింది. టైకో చుక్కల లెక్కలు రాసి పెట్టాడు కాబట్టి కెప్లర్ వాటితో గ్రహాల నియమాలు కనిపెట్టాడు. మందుల విద్య దాచాడు కాబట్టి ఇవాళ పెంకుల్ని అడగాల్సి వస్తోంది. ఏ మందులో ఏది ఎంత వేశాడో అవి చెప్పలేవు.

మన ఊళ్లల్లో కూడా ఆకు పసర్లు తెలిసిన తాతలు, అవ్వలు ఉన్నారు. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అడిగి నోటుబుక్కులో రాసుకుందాం.