సర్ చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్

ఆకాశమార్గమున అమెరికానుండి ఆస్ట్రేలియావరకు పసిఫిక్ మహాసముద్రమును మొట్టమొదట దాటిన వైమానికులలో అగ్రగణ్యుడు సర్ చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్. ఇతడు 1897 వ సంవత్సరము ఫిబ్రవరి 9 వ తేదీన ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధమున వైమానికుడై, 1917లో పాదమునకు గాయము తగులగా కొన్ని వ్రేళ్లు పోగొట్టుకొనెను. అయినను విమానవిద్యను విడువలేదు. 1928లో ‘సదరన్ క్రాస్’ అను విమానమున ముగ్గురు సహచరులతో గూడి హవాయి, ఫిజీ ద్వీపముల మీదుగా స్వనగరము చేరి ఖ్యాతి గాంచెను.

మరుసటి యేడు ఇంగ్లాండునకు బయలుదేరి, దుర్దినమున దారి తప్పి, ఆస్ట్రేలియా వాయవ్యతీరమున బురదనేలపై దిగెను. పండ్రెండు దినములకు అన్వేషకులు కనుగొనగా బ్రతికి బయటపడెను. కాని అతనిని వెదకుటకై బయలుదేరిన పూర్వమిత్రుడు కీత్ ఆండర్సన్, అతని తోడివాడు హిచ్‌కాక్, తానామీ యెడారిలో విమానము దిగి దాహముచే మరణించిరి. స్మిత్ కీర్తికై కావలెననియే తప్పిపోయెనని కొందరు నిందించిరి. విచారణలో ఆ నింద తొలగెను. పోయిన ప్రాణములు మాత్రము తిరిగిరాలేదు.

1932లో ఇతనికి ‘సర్’ బిరుదము లభించెను. 1934లో ఇతని పసిఫిక్ యాత్రాసహచరుడు ఉల్మ్ హవాయి సమీపమున సముద్రముపాలయ్యెను. 1935 నవంబరులో స్మిత్ పెథిబ్రిడ్జ్ అను సహచరునితో ఇంగ్లాండునుండి వచ్చుచు, మన దేశమున అలహాబాదులో ఆగి, రాత్రివేళ సింగపూరునకు సాగెను. నవంబరు 8 వ తేదీ తెల్లవారినను గమ్యము చేరలేదు. విమానములు వెదకెను, జాడ దొరకలేదు. పదునెనిమిది నెలలకు బర్మాతీరమున అయే ద్వీపము చెంత జాలరులకు విమానచక్రమొకటి లభించెను. చక్రములో గాలి యింకను నిలిచియుండెను. తక్కిన విమానము నేటికిని దొరకలేదు.

సముద్రమున కొంగు బంగారము జారినను మన కొత్తచెరువున జారినట్లు కాదు. బరువైనవి అగాధమున మునుగును. తేలునవి ప్రవాహముతో కొట్టుకొనిపోవును. గడియ గడచినకొలది వెదకవలసిన మేర పెరుగును; నావలు, ఇంధనము, ధనము వ్యయమగును. 2016 జూలై 22 న చెన్నైనుండి పోర్టుబ్లెయిరునకు పోవుచు ఇరువదితొమ్మిదిమందితో బంగాళాఖాతమున మాయమైన వాయుసేన విమానము ఇందుకు నిదర్శనము. అందు ఎనమండుగురు విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగార ఉద్యోగులు. ఓడలును విమానములును వారములకొలది గాలించినను ఫలితము లేకపోయెను. ఏడేండ్లు దాటినపిదప 2024 జనవరిలో, మనుష్యులు లేక నీటిలోపల సంచరించు యంత్రము తీసిన చిత్రములవలన, 3,400 మీటర్ల లోతున శకలములు కనబడినవని ప్రభుత్వము ప్రకటించెను.

అంతకాలము ఆ యిండ్లలోనివారు ద్వారమువైపు చూచుచునే యుండిరి. వెదకుట పోయినవారిని తేలేకపోయినను, ఉన్నవారి సందేహమును తీర్చును. విద్యార్థులారా! స్మిత్తు ధైర్యమును కొనియాడుడు; అతనికై ఎడారిలో దప్పిచే మడిసిన యిరువురను మరువకుడు.