మన తాలూకా బిడ్డ పుచ్చలపల్లి సుందరయ్య గారు

పెన్నకు ఉత్తరపు ఒడ్డున వున్న మన కోవూరు ప్రాంతం వరికీ చెరకుకీ పేరు పొందింది. ఈ మట్టిలో పుట్టి దేశమంతటా పేరు తెచ్చుకున్న వారిలో పుచ్చలపల్లి సుందరయ్య గారు ముఖ్యులు. వారి వూరు అలగానిపాడు. ఆనాడు అది కోవూరు తాలూకా, ఇప్పుడు విడవలూరు మండలం. మన పిల్లలకు ఆయన పేరు తెలుసు గాని, ఆయన చేసిన పని తెలిసిన వాళ్లు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన 1913 మే 1న కలిగిన రైతు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. అసలు పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని తెలిపే తోకను తీసేసి సుందరయ్య అయ్యారు. మద్రాసు లయోలా కాలేజీ చదువు మానుకొని 1930లో ఉప్పు సత్యాగ్రహంలో చేరారు. పదిహేడేళ్ల కుర్రవాడు గనుక కుర్రవాళ్లను వుంచే బోర్‌స్టల్ జైలుకు పంపారు. విడుదలై వచ్చాక సొంత వూళ్లో వ్యవసాయ కూలీలను కూడగట్టి వెట్టిచాకిరీని ఎదిరించారు. ఎదుట వున్నది తన వర్గం వాళ్లే. అయినా వెనక్కు తగ్గలేదు.

ఆయన దారిని మార్చిన వ్యక్తి ఒక ముస్లిం అనేది మనలో చాలామందికి తెలియదు. ఆయన జనాబ్ అమీర్ హైదర్ ఖాన్. రావల్పిండి వైపు పల్లె నుంచి వచ్చి, ఓడల్లో పనిచేసి, ప్రపంచమంతా చూసిన మనిషి. మీరట్ కుట్ర కేసులో పోలీసులు వెతుకుతుండగా మారుపేరుతో మద్రాసులో వుంటూ యువకులకు కమ్యూనిజం బోధించారు. సుందరయ్య గారు ఆయన శిష్యులలో ఒకరు. 1932లో ఖాన్ గారు అరెస్టయిన తర్వాత దక్షిణాదిలో ఆ పనిని భుజాన వేసుకున్నవారిలో సుందరయ్య గారు ముందు నిలిచారు.

తెలంగాణా రైతాంగ పోరాట కాలంలో ఆయన అజ్ఞాతంలో వున్నారు. దేశ్‌ముఖ్‌ల దౌర్జన్యం మీద సాగిన ఆ పోరాటాన్ని మతాల తగాదాగా చూడరాదు. విస్నూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణమిచ్చిన బందగీ పేద ముస్లిం రైతు. కూలీల పక్షాన నిలిచిన కవి మఖ్దూం మొహియుద్దీన్ మనవారే. 1951లో పోరాటం ఆగింది. తర్వాత 1972లో సుందరయ్య గారు దాని చరిత్రను పెద్ద గ్రంథంగా రాశారు.

1952లో ఆయన రాజ్యసభకు ఎన్నికై అక్కడ కమ్యూనిస్టు సభ్యుల నాయకుడయ్యారు. అప్పటి లెక్క చూడండి. 489 స్థానాల లోక్‌సభలో కాంగ్రెసుకు 364, కమ్యూనిస్టు పార్టీకి 16. రాజ్యసభలోనూ వీళ్లు కొద్దిమందే. ఓట్లు పెడితే ఓడిపోతామని తెలిసే రోజూ సభకు వెళ్లాలి. ఆయన వెళ్లారు, అదీ సైకిలు తొక్కుకుంటూ! మంత్రుల మోటారు కార్ల మధ్య ఆ సైకిలు ఢిల్లీలో ప్రసిద్ధి చెందింది.

విచారణ లేకుండా మనిషిని జైల్లో పెట్టే నిర్బంధ చట్టాన్ని 1952లో పొడిగించినప్పుడు ఆయన పక్షం ఎదిరించింది. తెలుగువాళ్లకు ప్రత్యేక రాష్ట్రం కావాలని పట్టుబట్టింది. 1946లోనే విశాలాంధ్ర గురించి పుస్తకం రాసిన వ్యక్తి గనుక ఆ మాటకు బరువుండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. ఓట్లలో ఓడిన పక్షం అడిగిన పని కొన్నేళ్లకు దేశం చేసి చూపించింది.

1955 ఎన్నికల్లో ఆంధ్ర శాసనసభ 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య గారు ఆ కొద్దిమందితోనే ప్రతిపక్షాన్ని నడిపారు. 1962లో, మళ్లీ 1978లో గన్నవరం ప్రజలు ఆయన్నే పంపారు. మధ్యలో 1964 ఆఖరు నుంచి 1966 దాకా విచారణ లేని జైలు. ఏ చట్టాన్ని సభలో ఎదిరించారో అలాంటి చట్టమే ఆయన మీద పడింది.

1964లో పార్టీ చీలినప్పుడు సి.పి.ఎం. మొదటి ప్రధాన కార్యదర్శి ఆయనే. ఎమర్జెన్సీ కాలంలో జనసంఘ్‌తో కలిసి పనిచేయడం తగదని సొంత పార్టీతోనే విభేదించి ఆ పదవిని వదిలేశారు. ఎదుటి పార్టీని విమర్శించడం ఎవరైనా చేస్తారు. తనవాళ్లకు అడ్డు చెప్పి కుర్చీ దిగిపోవడమే కష్టం.

ఆయన మాటకు విలువ రెండు కారణాల వల్ల వచ్చింది. ఒకటి లెక్క. 1974లో అనంతవరం, కాజ అనే రెండు కోస్తా గ్రామాల్లో ఎవరికి ఎంత భూమి వుంది, కూలి ఎంత వస్తుంది అని సర్వే జరిపించారు. రెండోది శుభ్రమైన చేయి. తన వాటా ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశారు. 1943లో వివాహమాడిన లీల గారితో కలిసి, పిల్లలు కూడా వద్దనుకొని ప్రజాసేవలో గడిపారు. తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారు నెల్లూరులో పేదల డాక్టరుగా పేరు పొందారు. సుందరయ్య గారు 1985 మే 19న మరణించారు.

ఆయన నాస్తికులు. దీన్ విషయంలో మన దారి వేరు, దాన్ని దాచనక్కర్లేదు. కాని అమానత్‌ను కాపాడటం, జాలిమ్ ఎదుట నిజం చెప్పడం మన దీన్ నేర్పే గుణాలే. ఇంకొక సంగతి. హైదరాబాదులో ఆయన పేరిట వెలసిన సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో వేలాది పాత ఉర్దూ పుస్తకాలు, పత్రికలు భద్రపరిచారు. 2000 ఆగస్టు వరదలో అవి తడిసిపోతే ఎంతో శ్రమపడి వీలైనన్ని కాపాడారు. మన జబాన్‌కు ఒక తెలుగు నాయకుడి పేరున్న ఇల్లు నీడనిచ్చింది.

మనం కొద్దిమందిమి, మన మాట ఎవరు వింటారు అని మన సమావేశాల్లో తరచు వినబడుతుంది. సుందరయ్య గారి జీవితమే దానికి జవాబు. మన వీధిలో బడి మానేసిన పిల్లలెందరు, ఉర్దూ టీచరు లేని బడులెన్ని, పింఛను అందని బేవాలెందరు అని ముందు లెక్క రాసుకుందాం. ఆ కాగితంతో ఆఫీసుకు పోతే కాదనడం ఎవరికైనా కష్టమే. మన సొసైటీ పద్దులు కూడా అంతే శుభ్రంగా వుంచుకుందాం. అల్లాహ్ మన పిల్లలకు ఇల్మ్‌నీ, హక్కు మాట చెప్పే ధైర్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.